గ్రూప్-2 పుస్తకాలు గంటకు పన్నెండు పేజీలే సాగుతున్నాయి: అర్థం చెడకుండా చదివే వేగం పెంచుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఉద్యోగం చేస్తూ తెలంగాణ గ్రూప్-2 పరీక్షకు సిద్ధమవుతున్నాను. నా వయసు 29 సంవత్సరాలు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోను, ఆ తర్వాత ఇంగ్లిషు మాధ్యమంలోను చదివాను. పాప నిద్రపోయిన తర్వాత రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండు వరకు, ఆదివారాల్లో అదనంగా మరో నాలుగు గంటలు మాత్రమే నాకు చదువుకోవడానికి దొరుకుతాయి.

పరీక్ష తీరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాలుగు పేపర్లు, ఒక్కో పేపరులో 150 ప్రశ్నలు, వాటికి రెండున్నర గంటల సమయం. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే నాలుగైదు వాక్యాలిచ్చి వాటిలో సరికానిది ఏదో గుర్తించమంటారు. సిలబస్ చూస్తే చరిత్ర, పాలిటీ, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం కలిపి నా బల్ల మీద పుస్తకాలు మోచేతి ఎత్తున పేరుకున్నాయి.

పోయిన వారం గడియారం పెట్టుకుని చూసుకున్నాను. తెలుగు అకాడమీ పుస్తకం గంటకు పదకొండు, పన్నెండు పేజీల కంటే ముందుకు కదలడం లేదు. ఈ లెక్కన ఒక్కసారి పూర్తి చేయడానికే నెలలు పడుతుంది, ఇక పునశ్చరణకు సమయమే ఉండదు. భయపడి రెండు రోజులు బలవంతంగా వేగంగా చదివాను. పేజీలైతే తిరిగాయి గాని, మర్నాడు ఉదయం బస్సులో తలచుకుంటే అధ్యాయం పేరు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు.

నా సందేహాలు ఇవి. నిమిషానికి వెయ్యి పదాలు చదివిస్తామని ఒక ఆన్‌లైన్ కోర్సు ప్రకటన చూశాను, రుసుము నాలుగు వేలు అన్నారు. అందులో చేరడం వల్ల ప్రయోజనం ఉంటుందా? చదివేటప్పుడు ప్రతి పదాన్నీ మనసులో పలుకుతూ ఉంటాను, ఒకే వాక్యానికి రెండేసి సార్లు వెనక్కి వెళతాను. ఆలస్యానికి ఈ రెండు అలవాట్లే కారణమని ఒక స్నేహితురాలు చెప్పింది, అది నిజమేనా? ఇంగ్లిషు కంటే తెలుగు చదవడానికి సహజంగానే ఎక్కువ సమయం పడుతుందా? అనుభవం ఉన్నవారు చెబితే నాకెంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1

నమస్కారం అండి. నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. మీ మొదటి సందేహానికి ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే అందులో మీ డబ్బు, సమయం రెండూ ఉన్నాయి. దయచేసి ఆ కోర్సులో చేరకండి. ఆ మాట ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

చదివేటప్పుడు మన కళ్లు వరుస వెంట నీళ్లలా జారుతూ పోవు. చిన్న చిన్న గెంతులు వేస్తూ, ప్రతి గెంతు తర్వాత ఒక క్షణం ఆగుతూ సాగుతాయి. 1870ల చివరలోనే ఫ్రాన్సులో నేత్రవైద్యుడు జవాల్ దీని గురించి రాశారు. అక్షరాలు నిజంగా మనకు అందేది కళ్లు ఆగినప్పుడే. ఒక్కో విరామం సగటున సెకనులో నాలుగో వంతు దాకా ఉంటుంది గనుక నిమిషానికి కళ్లు సుమారు 240 సార్లు ఆగగలవు. నిమిషానికి వెయ్యి పదాలు చదవాలంటే ఆగిన ప్రతిసారీ నాలుగు పదాలు స్పష్టంగా కనిపించాలి. అయితే కంటిలో సూక్ష్మమైన వివరాలను పట్టగలిగే కేంద్ర భాగం చాలా చిన్నది. పక్కనున్న పదాల ఆకారం లీలగా తెలుస్తుందే తప్ప, అక్కడ రాసింది "ఆమోదించింది" అనో "ఆమోదించలేదు" అనో తేల్చి చెప్పే శక్తి చూపు అంచులకు లేదు. ఏ వ్యాయామంతోనూ ఈ హద్దు చెరిగిపోదు.

అమెరికాలో 1959 నుంచే ఎవెలిన్ వుడ్ వేగపఠన తరగతులు పెద్ద ఎత్తున నడిపారు. అప్పటినుంచి ఇలాంటి వాగ్దానాలు వస్తూనే ఉన్నాయి. 2016లో కీత్ రేనర్, ఆయన సహచరులు అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించి, ఒక స్థాయి దాటి వేగం పెంచితే అవగాహన తగ్గక తప్పదని తేల్చారు. సాధారణ పాఠకుల వేగం ఎంత అన్నదానికి కూడా లెక్కలున్నాయి. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ 190 అధ్యయనాలను కలిపి చూసి, వయోజనులు ఇంగ్లిషులో కథేతర రచనలను నిమిషానికి సగటున 238 పదాల వేగంతో చదువుతారనీ, అత్యధికుల వేగం 175కు, 300కు మధ్యలో ఉంటుందనీ చెప్పారు. వెయ్యి అన్న అంకె ఈ పరిధికి ఎంత దూరంలో ఉందో చూడండి.

ఇక మనసులో పలకడం గురించి. దాన్ని మానుకోమని చెప్పే సలహా ఎంత ప్రచారంలో ఉందో అంత హానికరమైనదని నా నమ్మకం. లోపల వినిపించే ఆ స్వరమే వాక్యం మొదట్లో చదివిన మాటలను చివరి దాకా గుర్తుపెట్టి ఉంచుతుంది. తేలికైన వార్త చదివేటప్పుడు ఆ స్వరం తనంతట తానే పలచబడుతుంది, రాజ్యాంగ అధికరణ దగ్గర గట్టిపడుతుంది. దాని మానాన దాన్ని వదిలేయండి. వెనక్కి వెళ్లడం కూడా అంతే. నిపుణులైన పాఠకుల చూపు గెంతుల్లో సైతం నూటికి పది, పదిహేను వెనక్కే పోతాయి. 2014లో జరిగిన ఒక ప్రయోగంలో, చదివి దాటిన పదాలు తెరమీద వెంటనే మూసుకుపోయేలా ఏర్పాటు చేసి, వెనక్కి చూసే అవకాశం లేకుండా చేస్తే పాఠకుల అవగాహన పడిపోయింది. అయితే అర్థం కాక వెనక్కి వెళ్లడం వేరు, మనసు వంటింట్లోకో ఆఫీసులోకో పోయి తిరిగొచ్చి వెనక్కి వెళ్లడం వేరు. రెండో రకాన్ని తగ్గించుకోవాలి. వరుస కింద పెన్సిలు నడుపుతూ చదవడం అందుకు కొంత తోడ్పడుతుంది.

అయితే వేగం పెరగదా అంటే, తప్పకుండా పెరుగుతుంది, కాకపోతే అది కళ్ల ద్వారా వచ్చేది కాదు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గ్రహించారు. క్రికెట్ తెలిసినవారు మ్యాచ్ వార్తను అర నిమిషంలో చదివేసి స్కోరుతో సహా చెప్పడం మనం రోజూ చూస్తున్నదే. మీకు ఇప్పుడు గంటకు పన్నెండు పేజీలు సాగడానికి ప్రధాన కారణం ఆ విషయం మీకు కొత్త కావడం. అదే అంశం మీద రెండో పుస్తకం పట్టుకున్ననాడు పేజీలు వాటంతట అవే తేలికపడతాయి.

సమాధానం 2

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. తెలుగు గురించి మీరడిగిన మాటకు మాత్రం సమాధానం చెబుతాను.

నిమిషానికి ఇన్ని పదాలు అనే కొలత ఇంగ్లిషుకు సరిపోయినట్లు తెలుగుకు సరిపోదు. "చదవలేకపోతున్నానని" అనేది మనకు ఒక్క పదం. చదవడం, చేతకాకపోవడం, అది ఇప్పుడు జరుగుతూ ఉండడం, చేసేది నేనే కావడం, ఆ మాట ఎవరో చెబుతూ ఉండడం, ఇన్ని సంగతులు ఆ ఒక్క పదంలో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లిషులో దాన్ని చెప్పడానికి అరడజను మాటలు కావాలి. అందువల్ల ఇంగ్లిషు లెక్కలతో పోల్చుకుని మీరు దిగులుపడకండి. మీకు కొలత కావాలంటే, ఒకే పుస్తకంలో ఒకే సైజు అచ్చులో గంటకు ఎన్ని పేజీలు చదివారో, అందులో ఎంత తిరిగి చెప్పగలరో చూసుకోండి, అది చాలు.

తెలుగు వాక్యానికి ఇంకో స్వభావం ఉంది. ప్రాణమంతా చివరన ఉండే క్రియలో ఉంటుంది. ఈ వాక్యం చూడండి: "పార్లమెంటు ఆమోదించిన సాధారణ బిల్లును రాష్ట్రపతి ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు గాని, సభలు దాన్ని మళ్లీ ఆమోదించి పంపినప్పుడు ఆమోదం తెలపకుండా ఉండరాదు." తొందరలో ఉన్న పాఠకుడు "తిప్పి పంపవచ్చు" దగ్గరే అర్థమైందనుకుని దాటిపోతాడు. అసలు నియమం "ఉండరాదు" అన్న ఆఖరి మాటలో ఉంది. పరీక్షలో అడిగేదీ దాన్నే. ఇంగ్లిషు పుస్తకాలకు చెప్పే "ప్రతి వాక్యం మొదటి సగం చూసి ముందుకు సాగండి" అనే చిట్కాను తెలుగుకు వాడితే నిజానికి అబద్ధానికి మధ్య గీత చెరిగిపోతుంది. వేగంగా చూడవలసి వస్తే, వాక్యం చివరి మాటను మాత్రం వదలకుండా చూడండి.

పొడవైన వాక్యాలను విడగొట్టుకోవడానికి మన వ్యాకరణమే దారి చూపిస్తుంది. "ముల్కీ నిబంధనలు (స్థానికులకే ఉద్యోగాలనేవి) చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో, కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగి, రాష్ట్రపతి పాలన విధించవలసి రాగా, 1973 సెప్టెంబరులో కేంద్రం ఆరు సూత్రాల పథకాన్ని ప్రకటించింది" అనే వాక్యాన్ని తీసుకోండి. "ఇవ్వడంతో", "చెలరేగి", "రాగా" అన్న మాటల దగ్గర పెన్సిలుతో సన్నని గీత పెట్టండి. నాలుగు ముక్కలు వస్తాయి, ప్రతి ముక్కలో ఒక్కటే సంఘటన ఉంటుంది, ఒకదానికొకటి కారణంగా నిలుస్తుంది. రోజుకు రెండు పేజీల చొప్పున ఒక నెల ఇలా గీతలు పెట్టి చదివితే, ఆ తర్వాత గీత లేకుండానే చూపు ఆ చోట్ల ఆగడం నేర్చుకుంటుంది. నేను పిల్లలకు పద్యం అన్వయించడం నేర్పిన పద్ధతి కూడా ఇదే, వచనానికి ఇంకా తేలికగా పనిచేస్తుంది.

పారిభాషిక పదాల సంగతి కూడా చెప్పాలి. పాలిటీ పుస్తకాల్లో "అవశిష్టాధికారాలు" అన్న మాట తగిలినప్పుడల్లా మీరు ఒక క్షణం తడబడుతుంటే, పేజీకి అలాంటివి పది ఉంటే, మీ ఆలస్యం అక్కడే ఉంది. అవశిష్టం అంటే మిగిలినది. ఏ జాబితాలోనూ చేరకుండా మిగిలిన అంశాల మీద అధికారం, 248వ అధికరణ ప్రకారం అది పార్లమెంటుది. ఒకసారి మాటను విడదీసి చూసుకుంటే మళ్లీ అడ్డు తగలదు. పైగా ఒక పుస్తకంలో అధికరణ అన్నదాన్ని మరొకరు ప్రకరణ అంటారు, ఒకచోట ద్రవ్యలోటు అన్నది ఇంకోచోట కోశలోటు అవుతుంది. నోటుపుస్తకం వెనక నాలుగు పేజీలు ఈ మాటల కోసం కేటాయించి, తెలుగు పేర్లన్నీ, వాటి ఇంగ్లిషు పేరు పక్కపక్కనే రాసుకోండి. ఇంటర్ నుంచి ఇంగ్లిషు మాధ్యమంలో చదివారు గనుక మీకు ఇది మరీ అవసరం.

సమాధానం 3

నమస్కారం. నేను ఉద్యోగం చేస్తూనే గ్రూప్-2 రాసి, రెండో ప్రయత్నంలో ఎంపికయ్యాను. మొదటి ప్రయత్నంలో పుస్తకాలన్నీ మూడుసార్లు చదివి కూడా తప్పాను. ఆ మూడు పఠనాల్లో నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ప్రతి పేజీనీ ఒకే వేగంతో, ఒకే భక్తితో చదవడం. రెండోసారి మార్చుకున్న పద్ధతిని ఒక అధ్యాయం ఉదాహరణగా చెబుతాను.

పంచాయతీరాజ్ అధ్యాయం ముప్పై పేజీలు ఉందనుకోండి. మొదట పుస్తకం తెరవకుండా, పాత ప్రశ్నపత్రాల్లో ఆ అధ్యాయం నుంచి వచ్చిన ప్రశ్నలను పది నిమిషాలు చదువుతాను. సమాధానాలు తెలియకపోయినా ఫరవాలేదు. ఏ కమిటీ ఎన్ని అంచెల వ్యవస్థను సూచించింది, ఏ సవరణ ఎప్పుడు అమల్లోకి వచ్చింది, పదకొండో షెడ్యూలులో ఎన్ని అంశాలున్నాయి, ఇలాంటివి అడుగుతున్నారని తెలుస్తుంది. తర్వాత మరో పది నిమిషాలు అధ్యాయమంతా తిరగేస్తాను. శీర్షికలు, ప్రతి భాగంలో మొదటి పేరా, పట్టికలు, చివర ఇచ్చిన సారాంశం మాత్రమే చూస్తాను. ఆ తిరగేయడంలోనే పేజీల పక్కన మూడు రకాల గుర్తులు పెడతాను. నిలువు గీత ఉంటే నెమ్మదిగా చదవాలి, చుక్క ఉంటే మామూలుగా చదవాలి, ఏ గుర్తూ లేకపోతే చూసి వదిలేయవచ్చు. ముప్పై పేజీల్లో నిలువు గీతలు పడేవి సాధారణంగా ఎనిమిది, పది పేజీలకు మించవు. పంచాయతీల ప్రాచీన వైభవం గురించి రాసిన నాలుగు పేజీలు నేను ఎప్పుడూ వదిలేసేవాణ్ణి. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ గురించి రాసిన నాలుగు పేజీలకు మాత్రం ముప్పావు గంట తీసుకున్నా బాధపడలేదు.

అసలు పఠనం ఇరవై ఐదు నిమిషాల చొప్పున చేసేవాణ్ణి. సమయం కాగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసేవాణ్ణి. బల్వంత్‌రాయ్ మెహతా 1957, మూడంచెలు. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ప్రారంభం, ఆ వెంటనే అదే ఏడాది ఆంధ్రప్రదేశ్. అశోక్ మెహతా, రెండంచెలు, జిల్లా పరిషత్తు, మండల పంచాయతీ. 73వ సవరణ 1992లో ఆమోదం, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు. ఇలా రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట కలం ఆగుతుంది. నాకు సింఘ్వీ కమిటీ ఎప్పుడూ జారిపోయేది. ఆగిన చోటు దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, పుస్తకం తెరిచి, ఆ ముక్క మాత్రమే వెతికి చదివేవాణ్ణి. మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టే ముందు నిన్నటి ప్రశ్నార్థకాలను ఐదు నిమిషాలు చూసుకునేవాణ్ణి. రెండోసారి అధ్యాయం చదివేటప్పుడు ముప్పై పేజీలు నలభై నిమిషాల్లో అయిపోయేవి, ఎందుకంటే అప్పుడు చదవవలసింది ప్రశ్నార్థకాలున్న చోట్ల మాత్రమే.

రంగు పెన్నులతో గీతలు కొట్టడం మీద నాకు నమ్మకం పోయింది. మొదటి ప్రయత్నం నాటి పుస్తకాలు తెరిస్తే పేజీ అంతా పసుపుపచ్చగా ఉంటుంది, ఏది ముఖ్యమో గీతలు చూసి చెప్పలేను. ఒక పేరా పూర్తిగా చదివాకే, ఆ పేరాలో ఒక్క మాటకు మించకుండా గీయాలనే నియమం పెట్టుకుంటే అప్పుడు గీత పనికొస్తుంది.

దినపత్రిక మీద ఎక్కువ కాలం వెచ్చించకండి. అరగంట చాలు. రాజకీయ నాయకుల పరస్పర విమర్శలు మనకు అక్కర్లేదు. పథకం పేరు, కేటాయింపు, తీర్పు, నియామకం, నివేదిక ఉన్న వార్తలను మాత్రమే ఆగి చదవండి.

పరీక్ష హాలులో చదవడం వేరే విద్య. ప్రశ్నలో ముందుగా చివరి వరుస చూడండి, సరైనవి అడిగారా, సరికానిది అడిగారా అన్నది అక్కడ ఉంటుంది, ఆ మాట కింద పెన్నుతో గీయండి. ప్రశ్నపత్రం ఇంగ్లిషులోను, తెలుగులోను ఉంటుంది గదా, రెండూ చదివితే మీ నిమిషం అక్కడే అయిపోతుంది. ఏ భాషలో చదువుకున్నారో ఆ భాషలోనే చదివి, ఏదైనా పదం కొత్తగా తోస్తే ఆ ఒక్క పదం కోసం మాత్రమే పక్కకు చూడండి. ఈ అలవాటు పరీక్ష నాడు రాదు. వారానికి ఒక పాత పేపరును గడియారం ముందు పెట్టుకుని రాస్తేనే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారూ, నిన్న రాత్రే రెండు పేజీలకు గీతలు పెట్టి చదివాను, ఆరు సూత్రాల పథకం వరకు వరుసక్రమం ఇప్పటికీ గుర్తుంది. ఒక సందేహం మిగిలింది. నాకున్నవి రెండున్నర గంటలే. ప్రతి ఇరవై ఐదు నిమిషాలకు పుస్తకం మూసి పది నిమిషాలు రాస్తూ కూర్చుంటే, ఆ సమయంలో ఇంకో మూడు నాలుగు పేజీలు చదవగలిగేదాన్ని గదా అని మనసు పీకుతోంది. అది నిజంగా లాభమేనా?

సమాధానం 1 రాసినవారు

లాభమే. దీని మీద అందరూ చెప్పుకునే ఒక ప్రయోగం ఉంది, మీ సందేహానికి సరిగ్గా సరిపోతుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు అమెరికాలో కళాశాల విద్యార్థులకు ఒక చిన్న పాఠ్యభాగం ఇచ్చారు. ఒక బృందం నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే గడిపింది. ఇంకో బృందం మొదటి విడతలో మాత్రం చదివి, మిగిలిన మూడు విడతల్లో కాగితం చూడకుండా గుర్తున్నది రాసింది. మొదటి బృందం ఆ భాగాన్ని మొత్తం మీద సుమారు పద్నాలుగు సార్లు చదవగలిగింది, రెండో బృందం మూడు నాలుగు సార్లే చదివింది.

ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదువుతూ కూర్చున్నవారు 83 శాతం చెప్పారు, రాసినవారు 71 శాతం చెప్పారు. చదవడమే మేలని అప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది, మీ మనసు పీకడానికి కారణం కూడా ఇదే. వారం రోజుల తర్వాత అడిగేసరికి పద్నాలుగు సార్లు చదివినవారికి 40 శాతం మిగిలింది, రాసినవారికి 61 శాతం మిగిలింది. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు, నెలల తర్వాత ఉంది. పది నిమిషాలు ఎక్కువ అనిపిస్తే ఐదు నిమిషాలు రాయండి, లేదా బస్సులో నోటితో మీకు మీరే చెప్పుకోండి. చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడం అనే పని మాత్రం మానవద్దు.

ఇంకో చిన్న విషయం. మీరు ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదువుతుంటే, ముఖ్యమైన అధ్యాయాలనైనా కాగితం మీద అచ్చు తీయించుకోండి. 54 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, సమాచార రచనలను కాగితం మీద చదివినవారి అవగాహన తెరమీద చదివినవారి కంటే కొంత మెరుగ్గా ఉందనీ, సమయం పరిమితంగా ఉన్నప్పుడు ఆ తేడా మరింత కనిపిస్తుందనీ తేలింది.

సమాధానం 4

నేను కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టును. పైవారు చెప్పిన వాటితో ఏకీభవిస్తూ ఒక్కమాట చేరుస్తున్నాను. చదవడం మొదలుపెట్టిన అరగంటకే నుదురు బరువెక్కడం, అక్షరాలు మసకబారడం, ఒక వరుస చివరి నుంచి తర్వాతి వరుసకు బదులు మళ్లీ అదే వరుసకు చూపు రావడం, ఒక కన్ను మూసుకుంటే హాయిగా అనిపించడం, వీటిలో ఏదైనా ఉంటే ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి. దూరపు చూపు బాగున్నా, దగ్గరి వస్తువు మీద రెండు కళ్లు కలిసి నిలవడంలో ఇబ్బంది ఉండవచ్చు. పరీక్షకు వెళ్లినప్పుడు గంటల తరబడి చదువుతానని ప్రత్యేకంగా చెప్పండి, లేకపోతే దూరంలో ఉన్న అక్షరాల పట్టిక ఒక్కటే చదివించి పంపే అవకాశం ఉంది. దీపం వెలుగు ఎదురుగా కళ్లలో పడకుండా పక్క నుంచి పేజీ మీద పడేలా చూసుకోండి. పొట్టి పొట్టి వత్తులు, దీర్ఘాలు ఉన్న మన లిపికి మసక వెలుతురు చాలా చేటు చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

చెప్పినవన్నీ పాటించి ఫలితం రాస్తున్నాను. కళ్లు చూపించుకున్నాను, దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చారు, తలనొప్పి తగ్గింది. కోర్సులో చేరలేదు. పేజీల లెక్క చూస్తే, కొత్త అధ్యాయం మొదటిసారి చదివేటప్పుడు ఇప్పటికీ గంటకు పదమూడు దాటడం లేదు. అయితే గుర్తులు పెట్టి వదిలేయడం నేర్చుకున్నాక ముప్పై పేజీల పాలిటీ అధ్యాయం, రాయడంతో కలిపి, ఒక్క రాత్రిలో పూర్తవుతోంది. ఇంతకుముందు చదవడానికే ఒక రాత్రంతా సరిపోయేది. మొదటి వారం పాత ప్రశ్నలు పది తీసుకుంటే నాలుగింటికి సరైన సమాధానం రాసేదాన్ని, మొన్న ఏడింటికి రాశాను. తెలంగాణ ఉద్యమం విషయంలో 1919 ముల్కీ ఫర్మానా నుంచి స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలన్న 1985 నాటి 610 జీవో వరకు ఒక వరుసగా ఒకే కాగితం మీద రాసుకున్నాను, ఇప్పుడు ఆ కాలం గురించి ఏ పుస్తకం తెరిచినా చాలా పేజీలు తెలిసినవిగానే అనిపిస్తున్నాయి.

ఆర్థిక వ్యవస్థ పుస్తకం మాత్రం గంటకు ఏడు పేజీలే. అంకెల దగ్గర బుర్ర ఆగిపోతోంది. దానికి వేరే పద్ధతి ఏమైనా ఉందా?

సమాధానం 3 రాసినవారు

ఉంది. అందులో పేరాలకంటే ముందు పట్టికలు చదవండి. రాష్ట్ర స్థూల ఉత్పత్తి గురించి రెండు పేజీల వచనం ఉంటే, దాని పక్కన ఉన్న పట్టికలో వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు అనే మూడు వరుసలు ఉంటాయి. ఏది పెద్దది, ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని మూడు ప్రశ్నలు వేసుకుని, సమాధానాన్ని మీ సొంత మాటల్లో ఒక వాక్యంగా పక్కన రాయండి. ఆ తర్వాత వచనం చదివితే, అందులో చాలా భాగం మీరు రాసిన వాక్యానికి వివరణే అని తెలుస్తుంది, దాన్ని వేగంగా దాటవచ్చు. దశాంశాలను మొదటి పఠనంలో పట్టించుకోకండి. ముందు వరుసక్రమం, తర్వాత సుమారు అంకె, కచ్చితమైన అంకెలు పరీక్షకు నెల ముందు. అంకెలు ఏటా మారుతాయి గనుక, వాటిని పాత పుస్తకం నుంచి గుర్తుపెట్టుకోవడం కంటే తాజా సామాజిక ఆర్థిక సర్వేలో చూసుకోవడం మంచిది. గంటకు ఏడు పేజీలే అయినా ఈ విషయానికి అది తక్కువ వేగం కాదు, నేను ఎంపికైన ఏడాది కూడా నాది ఎనిమిది దాటలేదు.